హైదరాబాద్ లాడ్ బజార్‌లో లక్క గాజులు కొనాలంటే

ముందు ఇంట్లోనే సైజు చూసుకోండి. గాజు కొలతలో రెండో అంకె అంగుళంలో పదహారో వంతులు. టూ-ఫోర్ అంటే లోపలి వ్యాసం రెండుంపావు అంగుళాలు, అంటే 57 మి.మీ. టూ-సిక్స్ 60, టూ-ఎయిట్ 63.5. చాలామంది బోల్తా పడేది టూ-టెన్ దగ్గర. 2.10 అని రాసి ఉంటే చిన్నదనుకుంటారు. అది టూ-ఎయిట్ కన్నా పెద్దది, దాదాపు 67 మి.మీ.

పాత గాజు లేకపోతే బొటనవేలిని చిటికెన వేలి వైపు మడిచి, కణుపుల దగ్గర చెయ్యి బాగా వెడల్పుగా ఉన్నచోట దారం చుట్టండి. ఆ పొడవును 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. దారం 20 సెం.మీ. ఉంటే టూ-ఎయిట్. వెడల్పాటి లక్క గాజుకైతే ఒక సైజు పెంచండి. సన్నని మట్టిగాజును చెయ్యి నొక్కి ఎక్కించినట్టు దీన్ని ఎక్కించలేం, కణుపు దగ్గరే ఇరుక్కుంటుంది.

కారు వద్దు. ఎంజీబీఎస్ మెట్రోలో దిగి నయాపూల్, మదీనా మీదుగా నడవండి. పత్తర్‌గట్టి రాతి కమాన్ల దుకాణాల వరుస 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించింది. ఎండలో ఆ నీడ ఎంత పనికొస్తుందో నడిస్తే తెలుస్తుంది. గుల్జార్ హౌజ్ దాటి చార్మినార్ దగ్గర కుడివైపు, పడమరకు తిరిగితే లాడ్ బజార్. 1892 నాటి గడియార స్తంభం ఉన్న మహబూబ్ చౌక్ దాకా సాగుతుంది. మొదటి దుకాణంలోనే డబ్బు తీయకండి. లోపలికి వెళ్లి మూడు నాలుగు చోట్ల అదే రకం ధర అడిగి, వెనక్కి వస్తూ కొనండి. ఒక్క జత కన్నా పెళ్లికి సరిపడా సెట్లు ఒకేచోట తీసుకుంటే బేరం బాగా తెగుతుంది.

హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. అయినా బజారులో ఉన్నదంతా లక్క కాదు, ప్లాస్టిక్, మెటల్ గాజులూ కలిసే ఉంటాయి. అసలు పనిలో లక్కను వేడితో మెత్తబరిచి, రాళ్లను ఒక్కొక్కటిగా అందులో నొక్కుతారు. గాజు మీద దుపట్టా అంచు లాగి చూడండి. పోగు చిక్కుకుంటే రాయి పైకి లేచి ఉన్నట్టే, నాలుగు రోజుల్లో ఊడుతుంది. లోపలి అతుకునూ వేలితో తడమండి. సైజు కాస్త బిగుతైతే వేడి చేసి సరిచేయమని అడగవచ్చు. డబ్బు ఇచ్చేముందే అడగాలి.

చీర వెంట తీసుకెళ్లండి. దుకాణం లైట్ల కింద మెరూన్, ఎరుపు ఒకేలా కనిపిస్తాయి, గాజును బయట వెలుతురులో పెట్టి రంగు కలపండి. రంజాన్ రాత్రుల్లో బజారు చూడటానికే బాగుంటుంది, ఆ తోపులాటలో రాళ్ల పని పరీక్షించడం కుదరదు. మామూలు రోజున దుకాణాలు తెరిచే వేళకు వెళ్లండి.

కొన్నాక ఎండలో నిలిపిన బండిలో వదలొద్దు, లక్క మెత్తబడి ఆకారం చెడుతుంది. సెంటు, నీళ్లు తగలనివ్వకుండా జతకొక దూదిపొర చుట్టి డబ్బాలో పెట్టండి.