ఫ్రెంచ్‌లో అవ్వార్ ఎప్పుడు, ఎత్ర్ ఎప్పుడు?

పాసే కొంపోజే (జరిగిపోయినదాన్ని చెప్పే క్రియారూపం) దగ్గరికి వచ్చేసరికి అందరికీ ఇదే టెన్షన్: క్రియ ముందు సహాయక క్రియగా అవ్వార్ (కలిగి ఉండటం) పెట్టాలా, ఎత్ర్ (ఉండటం) పెట్టాలా? ఎలా తేల్చుకోవాలో చెప్తాను. ముందు నోట్‌బుక్, పెన్సిల్ తీసుకోండి. యాప్ వద్దు. ఆప్షన్ నొక్కినంత మాత్రాన వాక్యం రాయడం రాదు.

1. అసలు క్రియను గతం చెప్పే రూపంలోకి మార్చండి. ఫినీర్ (ముగించడం) అయితే ఫినీ, వాంద్ర్ (అమ్మడం) అయితే వాంద్యూ. ఫేర్ (చేయడం), ప్రాంద్ర్ (తీసుకోవడం) లాంటి మొండివాటిని బట్టీ పట్టాల్సిందే.

2. మామూలుగా అవ్వార్ పెట్టండి. ఆలే (వెళ్లడం), వెనీర్ (రావడం), నేత్ర్ (పుట్టడం), మురీర్ (చనిపోవడం), రెస్తే (ఉండిపోవడం), తోంబే (పడిపోవడం) లాంటి కొన్నిటికీ, ‘స’ తగిలించుకునే స లవే (ఒళ్లు కడుక్కోవడం) లాంటివాటన్నిటికీ ఎత్ర్. ‘కదలిక ఉంటే ఎత్ర్’ అని చాలామంది నేర్పుతారు. తప్పు. మార్షే (నడవడం), కురీర్ (పరుగెత్తడం), నాజే (ఈదడం) మూడూ కదలికే, మూడింటికీ అవ్వారే.

3. అసలు తంటా ఇక్కడే. మోంతే (ఎక్కడం), దెసాంద్ర్ (దిగడం), సోర్తీర్ (బయటికి వెళ్లడం), రాంత్రే (తిరిగి లోపలికి రావడం), రతూర్నే (తిరిగి వెళ్లడం), పాసే (దాటిపోవడం) అనే ఈ ఆరూ రెండు వైపులా పోతాయి. మనకు దిగాను, దించాను అని రెండు రూపాలున్నాయి. ఫ్రెంచ్‌వాళ్లు రెండింటికీ దెసాంద్ర్‌నే వాడి, పక్కనున్న సహాయక క్రియను మారుస్తారు. ‘జ సుయీ దెసాంద్యూ’ అంటే దిగాను; ఇందులో ‘సుయీ’ ఎత్ర్ రూపం. ‘జె దెసాంద్యూ లా వలీజ్’ అంటే సూట్‌కేస్ దించాను; ఇందులో ‘జె’లో ఉన్నది అవ్వార్.

హమ్మయ్య, తెలుగులో ఆలోచిస్తే సరిపోతుంది అనుకోకండి. రైలు దిగాను, మెట్లు దిగాను అన్నవి మనకు ఒకేలా ఉంటాయి. ఫ్రెంచ్‌లో రైలుకు ముందు ‘ద్యూ’ (నుంచి) వస్తుంది: ‘జ సుయీ దెసాంద్యూ ద్యూ త్రాన్’. మెట్లకు మధ్యలో ఏమీ రాదు, అందుకే ‘జె దెసాంద్యూ లెస్కాల్యే’. కాబట్టి చూడాల్సింది అర్థాన్ని కాదు, క్రియ తర్వాత నేరుగా కర్మ వచ్చిందా లేదా అని. వస్తే అవ్వార్. పెన్సిల్‌తో ఆ కర్మ కింద గీత గీయండి. గీయడానికి ఏమీ దొరక్కపోతే ఎత్ర్. పొడవాటి జాబితాలూ, వాటికోసం అల్లిన ఇంగ్లిష్ కొండగుర్తులూ ఈ ఆరింటి దగ్గర ఎందుకూ పనికిరావు.

అన్నట్టు, ‘జె పాసే లెగ్జామాన్’ అంటే పరీక్ష రాశాను అని. పాసయ్యాను అని కాదు, దానికి రేయుసీర్ వాడాలి. రిజల్ట్ రాకముందే స్వీట్లు పంచకండి.

4. ఎత్ర్ వచ్చిందంటే మామూలుగా కర్త ఆడా మగా, ఒకరా పలువురా చూసి క్రియ చివర అక్షరం చేర్చాలి. ఆమె బయటికి వెళ్లింది అని రాస్తే సోర్తీ చివర ‘e’ అనే రోమన్ అక్షరం ఉండాలి. ఆమె బ్యాగులోంచి తాళాలు తీసింది అని రాస్తే అక్కరలేదు. రెండూ పలకడానికి ఒకటే, కాబట్టి రాశాక కంటితో సరిచూసుకోవాలి.