మూడు లైన్ల అడ్రసులు, ఒక్క మీట

మా అపార్ట్‌మెంట్ సంఘం లిస్టు నా నెత్తిన పడింది. పేరు, ఫ్లాటు, ఫోను ఒక్కోటీ ఒక్కో లైను, 180 ఇళ్లు. అన్నీ ఒకే లైన్లోకి తేవాలి. పది ఇళ్లకే వేళ్లు లాగేశాయి.

మాక్రో అంటే మనం నొక్కిన మీటల వరసని గుర్తుపెట్టుకుని, ఒక్క మీటతో మళ్లీ చేసిపెట్టేది. వర్డ్‌లో వ్యూ, మాక్రోస్, రికార్డ్ మాక్రో నొక్కాను. 'స్టోర్ మాక్రో ఇన్' దగ్గర ఈ డాక్యుమెంటునే ఎంచుకుని, ఆల్ట్+జెడ్ మీట ఇచ్చాను.

మొదటిసారి బోల్తా పడ్డాను. రికార్డింగులో మౌస్‌తో టెక్స్ట్ సెలెక్ట్ కాదు, అంతా కీబోర్డుతోనే. సరేనని ఎండ్‌తో లైను చివరికెళ్లి, కింది లైను పైకి రావడానికి డిలీట్ వాడాను. ఫ్లాటు వివరం పొడవై కిందికి మడత పడ్డచోట ఎండ్ ఆ మడత దగ్గరే ఆగింది, డిలీట్ అక్కడి అక్షరాన్ని మింగేసింది. చేసింది వెనక్కి తీసుకునే కంట్రోల్+జెడ్ ఎన్నిసార్లు కొట్టానో!

చివరికి కుదిరింది ఇది: పేరు మీద కర్సర్ పెట్టి కంట్రోల్+కింది బాణం (ఇది తర్వాతి పేరా మొదటికి తీసుకెళ్తుంది), బ్యాక్‌స్పేస్, కామా, స్పేసు. మళ్లీ అదే వరస. ఆఖర్న ఇంకోసారి కంట్రోల్+కింది బాణం, తర్వాతి పేరుకి. ఫోను లేని ఇళ్ల దగ్గర మాత్రం పక్కింటాయన వచ్చి అతుక్కుంటాడు. అక్కడ ముందే ఉత్త గీత పెట్టుకున్నాను.

ఆల్ట్+జెడ్ టకటకా కొట్టాను, టీ చల్లారేలోపే అయిపోయింది. మామూలు వర్డ్ ఫైలుగా (.docx) సేవ్ చేస్తుంటే మాక్రో పోతుందని హెచ్చరించింది. పోతే పోనీ అని 'యెస్' నొక్కాను.