సంఘాన్ని విడిచి వెళ్ళే కాపరి చేయవలసిన పనులు

బదిలీ ఉత్తర్వు క్రైస్తవ సంఘ కాపరి (పాస్టరు) చేతికి అందేసరికే ఆ సంగతి సంఘంలో సగం మందికి తెలిసిపోయి ఉంటుంది. అందుచేత ఆలస్యం చేయకుండా ముందు కమిటీ సభ్యులకు చెప్పి, ఆ వెంటనే వచ్చే ఆదివారం ఆరాధనలో ప్రకటనల సమయాన కాపరి స్వయంగా ప్రకటించాలి. ఎక్కడికి వెళుతున్నారు, చివరి ఆరాధన ఏ తేదీన, నిర్ణయమై ఉంటే తర్వాత ఎవరు వస్తున్నారు అనే మూడు విషయాలు చెబితే చాలు. బదిలీ మనసుకు కష్టం కలిగించినదైనా ఆ మాట చెప్పుకొనే చోటు బిషప్ గారి ఎదుటే గాని ప్రసంగ వేదిక మీద కాదు.

ఎలా వీడ్కోలు చెప్పాలనేది సంఘం ఏ పద్ధతిలో నడుస్తున్నదనే దాన్ని బట్టి కొంత మారుతుంది. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో నియామకాలు, బదిలీలు డయోసిస్ (బిషప్ గారి పాలనలోని ప్రాంతం) చేతిలో ఉంటాయి గనుక ఒకరు వెళ్ళే వేళకు మరొకరి పేరు దాదాపు తెలిసే ఉంటుంది. తమ కాపరిని తామే పిలుచుకొనే బాప్టిస్టు సంఘాల్లో మధ్యలో నెలల తరబడి ఖాళీ రావచ్చు కాబట్టి, ఆ కాలంలో వాక్యం ఎవరు చెబుతారో, రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్ల ఎవరు నడిపిస్తారో కాపరి ఉండగానే కమిటీ చేత రాయించాలి. అన్నిటికంటే కష్టమైనది స్వతంత్ర సంఘం. స్థాపించిన పెద్దాయన కుమారునికో శిష్యునికో బాధ్యత అప్పగించి, అదే ప్రాంగణంలో నివసిస్తూ ఉంటారు. అక్కడ బైబిలులోని సంఖ్యాకాండము 27వ అధ్యాయం చెప్పే పద్ధతి పాటించదగినది: మోషే తాను బతికి ఉండగానే, యాజకుని ఎదుట, సమాజమంతా చూస్తుండగా యెహోషువ మీద చేతులుంచి నాయకత్వం అప్పగించాడు.

అప్పగింతల్లో అందరూ డబ్బు లెక్కల గురించే తొందరపడతారు. నిజానికి కోశాధికారి, మరో ఇద్దరు సభ్యులు కూర్చొని సంతకాలు చేస్తే అవి ఒక పూటలో తేలిపోతాయి. కాపరికి సభ్యులతో ఉన్న చేబదుళ్ళు కూడా, ఇచ్చినవైనా పుచ్చుకొన్నవైనా, అప్పుడే తీర్చుకోవాలి. ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది వివాహ రిజిస్టరు మీద. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం జరిగిన ప్రతి పెళ్ళి నమోదులోనూ వధూవరులు, ఇద్దరు సాక్షులు, పెళ్ళి జరిపించిన కాపరి సంతకాలు ఉండాలి. పెళ్ళినాటి సందడిలో ఒక సాక్షి సంతకం చేయకుండా భోజనానికి వెళ్ళిపోవడం మామూలే. తమ హయాంలోని పేజీలన్నీ తిప్పి చూసుకొని, అలాంటి ఖాళీ ఏదైనా కనబడితే వెళ్ళేలోపు అధికారులను అడిగి సరిదిద్దించాలి. లేకపోతే పదేళ్ళ తర్వాత ఆ దంపతులు వీసా కోసం ధ్రువపత్రం అడిగినప్పుడు కొత్త కాపరి ఏమీ చేయలేరు. ప్రభుత్వ లైసెన్సు మీద పెళ్ళిళ్ళు జరిపించే కాపరి అయితే ఆ లైసెన్సు వ్యక్తి పేరిట ఉంటుందే గాని సంఘం పేరిట ఉండదు. కాబట్టి ముందుగా ఒప్పుకొన్న పెళ్ళి తేదీలను రాసి ఇచ్చి, వాటిని ఎవరు జరిపించాలో తేల్చాలి.

తర్వాత ఇళ్ళ దర్శనం. మంచం పట్టినవారు, ఈ ఏడాది ఇంట్లో మనిషిని పోగొట్టుకొన్నవారు, కాపరితో మాట పట్టింపు వచ్చి ఆరాధనకు రావడం మానేసినవారు ముందు వరుసలో ఉండాలి. మూడో కోవవారి ఇంటికి ఒంటరిగా, ఫోన్ చేసి మరీ వెళ్ళడం మంచిది. వెళ్ళిన ప్రతి ఇంటి గురించి కొత్త కాపరి కోసం రెండు పంక్తులు రాసి ఉంచాలి. ‘ఈ తాతగారికి ఎడమ చెవి వినపడదు, కుడి పక్కన కూర్చొని ప్రార్థన చేయాలి’ లాంటి సమాచారం ఎంతో పనికివస్తుంది. రహస్యంగా చెప్పుకొన్న పాపాలు, ఇంటి గొడవలు ఆ పుస్తకంలోకి ఎక్కకూడదు.

ఈ దర్శనాల్లో ఒక మాట తప్పకుండా ఎదురవుతుంది.

“అయ్యగారూ, నా సమాధి కార్యక్రమానికి మీరే రావాలి, మాట ఇవ్వండి” అంటుంది ఒక పెద్దావిడ.

ఆ క్షణంలో మాట ఇచ్చేయడం తేలికే గాని ఇవ్వకూడదు. “అమ్మా, నీ మందులు, నీ మంచిచెడ్డలు చూసేది వచ్చే అయ్యగారే, నిన్ను ఆయన చేతుల్లో పెట్టి వెళుతున్నాను” అని చెప్పి, వీలైతే కొత్త కాపరిని వెంటబెట్టుకొని మళ్ళీ ఒకసారి ఆ ఇంటికి రావాలి.

వీడ్కోలు ప్రసంగానికి అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయాన్ని మించిన నమూనా లేదు. మిలేతులో ఎఫెసు పెద్దలను పిలిపించి పౌలు మూడేళ్ళ పరిచర్యను గుర్తు చేశాడు, ఎవరి వెండి బంగారాలూ ఆశించలేదన్నాడు, వారిని దేవునికి, ఆయన కృపావాక్యానికి అప్పగించాడు, మోకరించి ప్రార్థించాడు. ఇరవై నిమిషాల్లో ఇదంతా చెప్పవచ్చు. అదే అధ్యాయంలో సంఘాన్ని పాడుచేసేవారిని ఉద్దేశించిన క్రూరమైన తోడేళ్ళ ప్రస్తావన కూడా ఉన్నది. ఆ వచనాన్ని ఏదో ఒక బెంచీ వైపు చూస్తూ చదవాలనిపించే కాపరి వేరే వాక్యభాగం ఎంచుకోవడం శ్రేయస్కరం.

వీడ్కోలు సభలో శాలువాలు, దండలు ఎలాగూ ఉంటాయి. మాట్లాడేవారిని అయిదుగురికి మించనివ్వకుండా, ఒకరు స్త్రీల మైత్రి (సంఘంలోని స్త్రీల సమాజం) నుంచి, ఒకరు ఆదివారపు బడి పిల్లల నుంచి ఉండేలా కార్యదర్శికి ముందే చెప్పాలి. జీతం లేకుండా సగం పరిచర్య మోసిన అమ్మగారి (కాపరి భార్య) పేరు ఎవరూ ఎత్తకపోతే కాపరే ఎత్తాలి.

వెళ్ళాక వాట్సాప్ గ్రూపుల నుంచి తప్పుకోవాలి. ‘కొత్త అయ్యగారు ఇలా చేస్తున్నారు’ అంటూ మొదలయ్యే ఫోన్లను క్షేమసమాచారాల దగ్గరే ఆపాలి. పెళ్ళికి పిలిస్తే, “మీ పాస్టరు గారు పిలిస్తే వస్తాను” అనడం మర్యాద. ఈ నియమం నేను ఒకసారి తప్పాను. బదిలీ అయిన మూడు నెలలకే పాత సంఘంలో పెళ్ళికి వెళ్ళి, అందరూ బలవంతం చేస్తే వేదిక ఎక్కాను. కొత్త కాపరి లేచి తన కుర్చీ నాకిచ్చి, గాయక బృందం పక్కన నిలబడ్డారు, ఆశీర్వాదం అయ్యేదాకా అలాగే నిలబడి ఉన్నారు. ఇప్పుడు పిలుపు వచ్చి వెళ్ళినా వెనక బెంచీలో కూర్చొని, ఆయన పలికే ఆశీర్వాదం తల వంచి అందుకొని, భోజనం చేసి బస్సెక్కుతున్నాను.