డొమైన్‌లో చేరనని మొరాయించే విండోస్ కంప్యూటర్‌ను దారికి తేవడం ఎలా?

ఆఫీసు కంప్యూటర్‌ను యాక్టివ్ డైరెక్టరీలో (ఆఫీసు కంప్యూటర్లను, యూజర్లను ఒకేచోట నడిపే మైక్రోసాఫ్ట్ ఏర్పాటు; అలా నడిచే గుంపే డొమైన్) కలపబోతే డొమైన్ కంట్రోలర్ (ఆ డొమైన్‌ను నడిపే సర్వర్) దొరకలేదని ఎర్రర్ వచ్చిందా? ఫైర్‌వాల్ ఆపేయకండి, విండోస్ మళ్లీ వేయకండి. తప్పు చాలాసార్లు డీఎన్‌ఎస్‌లోనే (పేరు చెబితే ఐపీ అడ్రస్ వెతికిచ్చే వ్యవస్థ) ఉంటుంది.

ముందు చిన్న సంగతులు. హోమ్ ఎడిషన్ డొమైన్‌లో చేరదు, కనీసం ప్రో ఉండాలి. కంప్యూటర్ పేరు 15 అక్షరాలు దాటకూడదు. లోకల్ అడ్మిన్ (డొమైన్‌తో పనిలేకుండా ఆ కంప్యూటర్లోనే ఉండే అడ్మిన్ ఖాతా) పాస్‌వర్డ్ దగ్గర ఉంచుకోండి. డొమైన్ లాగిన్ కుదరనప్పుడు యూజర్ పేరుకు ముందు చుక్క, బ్యాక్‌స్లాష్ పెట్టి లోపలికి వెళ్లాల్సింది దానితోనే.

ఇక అసలు గండం. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ప్రిఫర్డ్ డీఎన్‌ఎస్‌గా డొమైన్ కంట్రోలర్ ఐపీ ఇస్తారు, బాగానే ఉంది. ఆల్టర్నేట్ గడి ఖాళీగా ఉంటే చేయి ఊరుకోదు, గూగుల్ డీఎన్‌ఎస్ 8.8.8.8 కొట్టేస్తారు. కొంప మునిగేది అక్కడే. మొదటి సర్వర్ ఒక్కసారి ఆలస్యంగా పలికినా విండోస్ రెండోదాన్ని అడుగుతుంది. మీ లోపలి డొమైన్ గూగుల్‌కు తెలియదు కాబట్టి ‘అలాంటి పేరు లేదు’ అంటుంది. విండోస్ దృష్టిలో అదీ జవాబే, మళ్లీ వెనక్కి వెళ్లి మొదటిదాన్ని అడగదు. పొద్దున పనిచేసిన లాగిన్ మధ్యాహ్నం చెడేది ఇందుకే. ఆ గడిలో రెండో డొమైన్ కంట్రోలర్ ఐపీ ఇవ్వండి, లేకపోతే ఖాళీగా వదిలేయండి. ఇంటర్నెట్ ఆగిపోతుందన్న భయం వద్దు. బయటి పేర్లను కంట్రోలరే ఫార్వర్డర్ల (తనకు తెలియని పేర్ల కోసం అది అడిగే బయటి డీఎన్‌ఎస్ సర్వర్లు) ద్వారా కనుక్కుంటుంది.

ఇంత చేసినా కుదరకపోతే రౌటర్ వైపు చూడండి. ఐపీవీ6 (కొత్త తరం ఐపీ అడ్రస్‌ల పద్ధతి) ద్వారా అది తన డీఎన్‌ఎస్‌ను చాటుగా అంటగడుతుండవచ్చు. ‘ఐపీకాన్ఫిగ్’ కమాండ్‌కు ‘ఆల్’ జోడిస్తే బయటపడుతుంది. రౌటర్లోనే దాన్ని ఆపండి.

పింగ్ (అవతలి కంప్యూటర్ పలుకుతుందో లేదో చూసే కమాండ్) వెళ్లిందని సంబరపడొద్దు. డొమైన్ పేరు, వెబ్‌సైట్ పేరు ఒకటే అయితే పలికింది వెబ్‌సైట్ సర్వర్ కావచ్చు. ‘ఎన్‌ఎస్‌లుకప్’ (డీఎన్‌ఎస్‌ను నేరుగా అడిగే కమాండ్) తెరిచి, టైప్‌ను ఎస్‌ఆర్‌వీకి (ఏ సేవ ఏ సర్వర్లో ఉందో చెప్పే రికార్డు) మార్చి, డొమైన్ కంట్రోలర్ల ఎల్‌డాప్ (డైరెక్టరీని అడిగే పద్ధతి) రికార్డు అడగండి. కంట్రోలర్ పేరు వస్తేనే డీఎన్‌ఎస్ సరిగా ఉన్నట్టు. పాత జవాబులు పోవడానికి డీఎన్‌ఎస్ క్యాష్ ఫ్లష్ చేసి, అప్పుడు డొమైన్‌లో కలపండి. కంప్యూటర్లు చాలా ఉంటే డీఎన్‌ఎస్ ఐపీలను ఒక్కోదాంట్లో చేత్తో కొట్టే బదులు డీహెచ్‌సీపీలో (కంప్యూటర్లకు నెట్‌వర్క్ సెట్టింగ్స్ తనంతట పంచే సర్వీసు) ఒకేచోట ఇవ్వడం మేలు.

తర్వాత గడియారం. కంప్యూటర్ గడియారానికీ కంట్రోలర్ గడియారానికీ తేడా 5 నిమిషాలు మించితే కెర్బరోస్ (డొమైన్‌లో లాగిన్‌ను సరిచూసే పద్ధతి) లోపలికి రానిచ్చే టికెట్ ఇవ్వదు. టైమ్ జోన్ కూడా చూడండి. జోన్ తప్పుగా ఉండగా గడియారాన్ని చేత్తో సరిచేస్తే తెరమీద టైమ్ బాగానే కనబడుతుంది, లోపలి యూటీసీ (అన్ని జోన్లకూ ఆధారమైన ప్రపంచ ప్రామాణిక సమయం) మాత్రం గంటల తేడాలో ఉంటుంది.

నిన్నటిదాకా లాగిన్ అయిన కంప్యూటర్ ఇవాళ ‘ట్రస్ట్ రిలేషన్‌షిప్ ఫెయిల్డ్’ అంటే అది వేరే జబ్బు. కంప్యూటర్‌కూ డొమైన్‌లో ఒక పాస్‌వర్డ్ ఉంటుంది, మామూలుగా 30 రోజులకోసారి అదే మార్చుకుంటుంది. పాత బ్యాకప్ రీస్టోర్ చేస్తే రెండువైపులా పొంతన తప్పుతుంది. డొమైన్ నుంచి తీసి మళ్లీ చేర్చే చాదస్తం అక్కర్లేదు. లోకల్ అడ్మిన్‌గా పవర్‌షెల్ తెరిచి ‘టెస్ట్-కంప్యూటర్‌సెక్యూర్‌ఛానల్’కు ‘రిపేర్’, ‘క్రెడెన్షియల్’ జోడించి, డొమైన్ అడ్మిన్ వివరాలివ్వండి. ‘ట్రూ’ అని వస్తే లాగౌట్ చేసి డొమైన్ యూజర్‌తో లాగిన్ అవ్వండి.