పార్కింగ్ ఆట నుంచి ఎలా బయటపడ్డానంటే

మియాపూర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో రైలు మారాలి. ఆ రోజు తలెత్తి చూసేసరికి నాంపల్లి. ఆరు స్టేషన్లు దాటిపోయాను, ఫోనులో ఒక పసుపు కారును వెనక్కి తిప్పుతూ.

ఈ ఆటల కిటుకు ఓడించడంలో లేదు, కొద్దిలో ఓడించడంలో ఉంది. కారు గడిలో ముప్పావు వంతు దూరుతుంది, చివర్లో వెనుక మూల కోన్‌కు తగులుతుంది. జాలిపడే వ్యవధి కూడా ఇవ్వకుండా ‘మళ్లీ ఆడు’ అన్న బటన్ వస్తుంది. పూర్తయిన పనికన్నా సగంలో ఆగిన పనే ఎక్కువ గుర్తుంటుందని మనస్తత్వ శాస్త్రవేత్త బ్లూమా జైగార్నిక్ 1927లోనే రాసింది. నా చేత అర్ధరాత్రి దాకా ఆడించింది అదేనని నా అనుమానం.

ఆటను తీసేశాను. రెండు రోజులకే మళ్లీ ఎక్కించుకున్నాను. ఫోను వాడకాన్ని అదుపు చేసే ‘డిజిటల్ వెల్‌బీయింగ్’ సెట్టింగులో 15 నిమిషాల పరిమితి పెట్టాను. పెట్టిన చేతికి పెంచడం ఎంతసేపు?

పనిచేసింది మాత్రం రంగులు తీసేయడం. సెట్టింగుల్లో తెర మొత్తాన్ని నలుపు తెలుపులోకి మార్చాను. ఎర్ర కోన్లు, ఆకుపచ్చ గడి, బంగారు నాణేలు అన్నీ బూడిదరంగే. ‘మీ బహుమతి సిద్ధం’ అని పిలిచే నోటిఫికేషన్లనూ ఆపేశాను. వారంలో ఆట చప్పబడింది.

దీనికి మా ఆవిడ మాట కూడా తోడైంది: “ఫోనులో వంద కార్లు పెడతారు, సెల్లార్‌లో మన కారు పెట్టడానికి వాచ్‌మన్‌ను పిలుస్తారు.” రోషం వచ్చి ఆదివారం నేనే దిగాను. రెండు స్తంభాల మధ్య నాలుగో ప్రయత్నానికి పట్టింది. కుడివైపు స్తంభం మీద గీత ఇంకా ఉంది.