ఇంటి కంప్యూటర్ 7వ పాఠం: అడ్రస్‌ని కుడివైపు నుంచి చదవడం

కంప్యూటర్ ఆన్ చెయ్యగానే వాటంతట అవే తెరుచుకునే ప్రోగ్రాముల గురించి ఈసారి చెబుతానన్నాను. దాన్ని వచ్చే పాఠానికి జరిపాను. ఆరో పాఠం చదివి చేసినవాళ్లలో చాలామంది ఇబ్బందిలో పడ్డారు. ముందు అది చక్కబెట్టాలి.

స్క్రీన్ కింద కుడి మూలలో "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి" అంటూ వచ్చే నోటిఫికేషన్లను ఆపడం అప్పుడు నేర్చుకున్నాం. చివర్లో "పనిలో పనిగా బ్రౌజింగ్ డేటా కూడా క్లియర్ చెయ్యండి" అని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. ఏ గడిలో టిక్ పెట్టాలో రాయలేదు. నేను రోజూ చేసే పని కాబట్టి అందరికీ తెలుసనుకున్నాను. అది నా పొరపాటు. కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కగానే వచ్చిన పెట్టెలో కనపడిన ప్రతి గడికీ టిక్ పెట్టి, పైన "ఆల్ టైమ్" ఎంచుకుని, క్లియర్ కొట్టేశారు. జీమెయిల్, బ్యాంకు, రైలు టికెట్ల సైటు, అన్నీ ఒకేసారి లాగౌట్ అయిపోయాయి. కొందరికి సేవ్ చేసి పెట్టుకున్న పాస్‌వర్డ్‌లు కూడా పోయాయి.

ముందు టెన్షన్ పడకండి. మీ అకౌంట్లు ఎక్కడికీ పోలేదు. మెయిల్స్, డబ్బు, టికెట్లు ఆయా సంస్థల కంప్యూటర్లలో భద్రంగా ఉన్నాయి. పోయింది తాళంచెవి. ఇల్లు ఉన్నచోటే ఉంది.

ఆ గడుల సంగతి క్లుప్తంగా చెబుతాను. హిస్టరీ అంటే మీరు తిరిగిన సైట్ల చిట్టా, తీసేసినా నష్టం లేదు. కుకీ అంటే "ఈ మనిషి లాగిన్ అయ్యాడు" అని గుర్తుపట్టడానికి సైటు మీ బ్రౌజర్‌లో దాచుకునే చీటీ. దాన్ని తీసేస్తే మళ్లీ లాగిన్ అవ్వాలి. క్యాష్ అంటే పేజీ తొందరగా తెరుచుకోవడానికి దాచిన బొమ్మలూ ఫైళ్లూ. పేజీ సగం సగం కనిపిస్తున్నప్పుడు ఈ ఒక్క గడికి టిక్ పెడితే చాలు. నేను కూడా నూటికి తొంభైసార్లు ఇదొక్కటే చేస్తాను. ఎడ్జ్‌లోనూ, పాత క్రోమ్ వెర్షన్లలోనూ పాస్‌వర్డ్స్ అనే గడి ఉంటుంది. దాని జోలికి ఎప్పుడూ వెళ్లకండి. సింక్ అంటే కంప్యూటర్‌లోనూ ఫోన్‌లోనూ బ్రౌజర్ డేటాని ఒకేలా ఉంచే సదుపాయం. అది ఆన్‌లో ఉంటే కంప్యూటర్‌లో తీసేసినవి ఫోన్‌లోంచీ పోతాయి.

పోయినవి దొరికే చోటు ఒకటుంది. ఎడ్జ్ బ్రౌజర్ మొదట్లో "క్రోమ్‌లో ఉన్నవన్నీ ఇక్కడికి తెచ్చుకోమంటారా?" అని అడుగుతుంది. చాలామంది చదవకుండానే సరే అని నొక్కి ఉంటారు. అలా నొక్కి ఉంటే క్రోమ్‌లో పోయిన పాస్‌వర్డ్‌లు ఎడ్జ్‌లో ఇంకా ఉండొచ్చు. ఎడ్జ్ సెట్టింగ్స్‌లో వెతికే గడిలో పాస్‌వర్డ్స్ అని కొట్టి చూడండి. కంటి బొమ్మ నొక్కి విండోస్ పిన్ ఇస్తే కనిపిస్తాయి. మల్కాజిగిరిలో ఒకరి లాప్‌టాప్‌లో మొన్న 31 పాస్‌వర్డ్‌లు ఇలాగే బయటపడ్డాయి.

గూగుల్ పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లు ఇంట్లోనే కూర్చుని రికవరీ చెయ్యండి. రోజూ వాడే పరికరం, రోజూ వాడే బ్రౌజర్, రోజూ ఉండే చోటు నుంచి ప్రయత్నించమని గూగుల్ కూడా చెబుతుంది. ఒకాయన అమీర్‌పేటలో నెట్ సెంటర్‌కి వెళ్లి నాలుగుసార్లు ప్రయత్నించాడట. అలవాటు లేని మెషీన్, అలవాటు లేని చోటు. గూగుల్ వైపు నుంచి చూస్తే దొంగ చేసే పని కూడా అచ్చం అలాగే ఉంటుంది. ఇంటికెళ్లి సొంత వైఫై మీద చేస్తే పని జరిగింది. ఫోన్‌లో జీమెయిల్ ఇంకా తెరిచే ఉంటే దాన్ని సైన్ అవుట్ చెయ్యకండి. "ఇది మీరేనా?" అనే ప్రశ్న సాధారణంగా అక్కడికే వస్తుంది.

బ్యాంకు పాస్‌వర్డ్‌ని మాత్రం ఊహించి ఊహించి కొట్టకండి. కొన్నిసార్లు తప్పు పడితే చాలా బ్యాంకులు లాగిన్ ఆపేస్తాయి. డెబిట్ కార్డు పక్కన పెట్టుకుని "ఫర్గాట్ పాస్‌వర్డ్" నొక్కండి.

ఇక్కడే నాకు నిజంగా కోపం తెప్పించిన సంగతి ఒకటి జరిగింది.

నల్లకుంటలో ఒక రిటైర్డ్ లెక్కల టీచర్ గారు ఈ పాఠాలు క్రమం తప్పకుండా చదువుతారు. లాగౌట్ అయ్యాక గూగుల్‌లో బ్యాంకు పేరు వెతికి, అన్నిటికంటే పైన వచ్చినదాని మీద నొక్కారు. దాని మీద "స్పాన్సర్డ్" అని, అంటే డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటన అని, చిన్న అక్షరాల్లో ఉంది. తెరుచుకున్న పేజీలో బ్యాంకు లోగో ఉంది, రంగులు అవే, కింద "మీ ఓటీపీ ఎవరికీ చెప్పకండి" అనే హెచ్చరిక కూడా ఉంది. యూజర్ ఐడీ కొట్టారు. పాస్‌వర్డ్‌లో మూడు అక్షరాలు పడ్డాక ఎందుకో చెయ్యి ఆగింది, నాకు ఫోన్ చేశారు. వెళ్లేసరికి ఆ పేజీ అలాగే ఉంది, గడిలో మూడు నల్ల చుక్కలు. "తాళం గుర్తు ఉందిగా నాయనా, తాళం ఉంటే అసలు సైటే అని అందరూ చెబుతారు" అన్నారు.

ఆవిడ తప్పేమీ లేదు. తప్పంతా ఆ తాళం పాఠం చెప్పినవాళ్లది. తాళం గుర్తుకి అర్థం ఒక్కటే: మీ కంప్యూటర్‌కీ ఆ సైటుకీ మధ్య మాటలు దారిలో ఎవరికీ వినపడవు. అవతల కూర్చున్నది ఎవరో అది చెప్పదు. దొంగతో రహస్యంగా మాట్లాడినా తాళం కనిపిస్తుంది. దానికి కావాల్సిన సర్టిఫికెట్‌ని లెట్స్ ఎన్‌క్రిప్ట్ లాంటి సంస్థలు ఉచితంగానే ఇస్తాయి, దొంగ సైటువాడూ తెచ్చుకోగలడు. జనం దీన్ని అపార్థం చేసుకుంటున్నారనే క్రోమ్ 2023లో తాళం బొమ్మనే తీసేసి వేరే గుర్తు పెట్టింది. అయినా ఇప్పటికీ "తాళం చూసుకోండి" అని వాట్సాప్‌లో తిప్పుతూనే ఉన్నారు.

చూడాల్సింది అడ్రస్. అది కూడా ఎడమ నుంచి కాదు, కుడి నుంచి.

కరాచీ బేకరీ గుర్తు తెచ్చుకోండి. బోర్డు మీద మొదటి మాట కరాచీ. అడ్రస్ చివర చదివితే మొజంజాహి మార్కెట్, హైదరాబాద్. ఊరేదో తెలియాలంటే అడ్రస్ చివరే చూస్తాం. వెబ్ అడ్రస్ కూడా అంతే. మొదట్లో ఎవరి పేరైనా రాసుకోవచ్చు, చివరిదే లెక్క.

ఇలా చెయ్యండి. అడ్రస్‌లో మొదట వచ్చే "హెచ్‌టీటీపీఎస్" ముక్కనీ దాని రెండు గీతల్నీ వదిలేయండి. ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర వేలు పెట్టండి. గీత లేకపోతే అడ్రస్ చివర పెట్టండి. అక్కడి నుంచి ఎడమవైపు చదవండి. ముందు "కామ్", "ఓఆర్‌జీ", "బ్యాంక్.ఇన్", "గవ్.ఇన్" లాంటి తోక వస్తుంది. తోకకి ముందున్న ఒక్క పదమే యజమాని పేరు.

మీ బ్యాంకు పేరు "ఫలానా" అనుకుందాం. స్క్రీన్ మీద ఇంగ్లిష్‌లో ఉంటుంది, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

నెట్.ఫలానా.బ్యాంక్.ఇన్/లాగిన్: తోక బ్యాంక్.ఇన్, యజమాని ఫలానా. అసలుది.

ఫలానా.బ్యాంక్.ఇన్.లాగిన్‌చెక్.కామ్/హోమ్: తోక కామ్, యజమాని లాగిన్‌చెక్. ఎవడో తెలీదు. ఎడమ నుంచి చదివితే మోసపోయేది ఇక్కడే.

లాగిన్‌చెక్.కామ్/ఫలానా.బ్యాంక్.ఇన్: బ్యాంకు పేరు గీతకి అవతల ఉంది. గీత దాటాక ఏం రాసినా దానికి విలువ లేదు.

ఫలానా-బ్యాంక్-ఇన్.కామ్: చుక్క ఉండాల్సిన చోట అడ్డగీత ఉంది. అడ్డగీత పదాన్ని విడదీయదు. ఇదంతా ఒకే పేరు, దొంగ పేరు.

ఇంకొకటి, ఇంగ్లిష్‌లో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఎమ్ లాగే కనిపిస్తుంది. కంట్రోల్ ఎల్ నొక్కి అడ్రస్‌ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెద్ద అక్షరాల్లో చూడండి. నేను ఫైర్‌ఫాక్స్ వాడేది కూడా ఇందుకే. అది యజమాని పేరూ తోకా ముదురుగా చూపించి, మిగతా అడ్రస్‌ని లేత రంగులో పెడుతుంది.

బ్యాంకుల తోక గురించి ఒక మంచి మాట. 2025 అక్టోబర్ 31 లోపు బ్యాంకులన్నీ తమ సైట్లను బ్యాంక్.ఇన్ కిందికి మార్చుకోవాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశించింది. ఆ పేర్లు రిజిస్టర్ చేసే ఏకైక సంస్థ మన మాసబ్ ట్యాంక్‌లోని ఐడీఆర్‌బీటీ. డబ్బు కట్టిన ప్రతివాడికీ కామ్ పేరు దొరుకుతుంది. బ్యాంక్.ఇన్ మాత్రం బ్యాంకులకే ఇస్తారు. అలాగే జీహెచ్ఎంసీ సైటు, జలమండలి సైటు గవ్.ఇన్‌తో ముగుస్తాయి. కరెంటు బిల్లు దగ్గర జాగ్రత్త: మన దక్షిణ డిస్కం సైటు తోక ఓఆర్‌జీ. తోక చూసి తేల్చుకోలేం కాబట్టి పూర్తి పేరు గుర్తుండాలి. "ఈ రాత్రికి కరెంటు కట్ చేస్తాం" అనే మెసేజ్‌లో లింకు ఉంటే అసలు నొక్కకండి.

పాస్‌వర్డ్ దొంగ సైటులో పూర్తిగా కొట్టేసినవాళ్లు ఉంటే ఇప్పుడే అసలు సైటులో మార్చండి. డెబిట్ కార్డు వెనక ఉన్న నంబర్‌కి ఫోన్ చెయ్యండి. గూగుల్‌లో వెతికిన కస్టమర్ కేర్ నంబర్‌కి మాత్రం వద్దు. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి చెప్పండి. ఎంత తొందరగా చెబితే డబ్బు అవతల అకౌంట్‌లో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఈసారి అభ్యాసం పెద్దది, ఆదివారం సగం పడుతుంది. ఒక నోటుబుక్ తీసుకోండి. మీరు లాగిన్ అయ్యే ప్రతి సైటు అడ్రస్ చేత్తో రాయండి. బ్యాంకు అడ్రస్‌ని స్క్రీన్ చూసి రాయొద్దు, పాస్‌బుక్ మీద కానీ స్టేట్‌మెంట్ మీద కానీ ఉన్నది చూసి రాయండి. అక్కడ పాత తోక ఉంటే బ్రాంచికి వెళ్లినప్పుడు కొత్తది అడిగి దిద్దుకోండి. ప్రతి అడ్రస్‌లో తోక కింద ఒక గీత, యజమాని పేరు కింద రెండు గీతలు గీయండి. తర్వాత ఒక్కొక్కటి అడ్రస్ బార్‌లో టైప్ చేసి, తెరుచుకున్నాక కంట్రోల్ డి కొట్టి బుక్‌మార్క్ చేసుకోండి. ఇకపై లాగిన్ అయ్యేది ఆ బుక్‌మార్క్ నుంచే.

టీచర్ గారు నిన్న సాయంత్రం తన నోటుబుక్ ఫోటో పంపారు. పద్నాలుగు అడ్రస్‌లు, స్కేలు పెట్టి ఎర్ర ఇంకుతో గీసిన గీతలు. ఒక్కచోట మాత్రం గీత తప్పింది, కరెంటు బిల్లు దగ్గర.