పని తీరు మార్చుకుందాం - 3వ పాఠం: చీటీ వెంట నడవండి

పోయిన పాఠంలో మీ వ్యాపారంలోంచి ఒక్క పనిని ఎంచుకోమన్నాను. ఈ వారం ఆ పనిలో పుట్టే చీటీ, అంటే లెక్క రాసే కాగితం, ఎక్కడెక్కడికి పోతుందో దాని వెంట నడవాలి. కంప్యూటర్ జోలికి ఇంకా పోవద్దు.

నాకు బాగా తెలిసిన రొయ్యల కొనుగోలునే తీసుకుంటాను. అల్లూరు వైపు ఒక చెరువు, తెల్లవారుజామున పట్టుబడి. గట్టు మీద సూపర్‌వైజర్ కిలో రొయ్యలు తూచి లెక్కపెడతాడు. 50 వస్తే 50 కౌంటు, రేటు దాన్నిబట్టే. ఆ తర్వాత ట్రేలు ఒక్కొక్కటే కాటా ఎక్కుతాయి. తడి చేతులతో బాల్‌పెన్ను పట్టుకుని చీటీ రాస్తాడు. అదే అంకెను లారీ షీట్లో ఒకసారి, ఆఫీసు రిజిస్టర్లో ఇంకోసారి, చివరికి కంప్యూటర్లో మరోసారి ఎక్కిస్తారు.

అలాంటి ఒక ఆఫీసుకు సాఫ్ట్‌వేర్ పెట్టించింది నేనే. మొదటి నెలలోనే చీటీలో 7 రిజిస్టర్లోకి 1గా ఎక్కింది. రావలసిన డబ్బు కోసం రైతు నాలుగు రోజులు తిరిగాడు. ఆయన ముఖం నాకింకా గుర్తే. నేను కంప్యూటర్ అయితే పెట్టించాను గానీ, రాసిందే నాలుగుసార్లు రాసే పద్ధతిని అలాగే వదిలేశాను.

1980ల మొదట్లో అమెరికాలో ఫోర్డ్ కార్ల కంపెనీకీ ఇలాంటి చిక్కే వచ్చింది. సరుకు సప్లయర్లకు డబ్బు చెల్లించే విభాగంలో 500 మందికి పైగా ఉండేవారు. కంప్యూటర్లు పెడితే 400 మందితో సరిపోతుందనుకున్నారు. అదే పనిని జపాన్ కార్ల కంపెనీ మాజ్దా అయిదుగురితో నడుపుతోందని తెలిసింది. ఆరా తీస్తే ఆర్డరు, సరుకు అందిన రసీదు, బిల్లు మూడూ సరిచూడడానికే తమవాళ్ల టైమంతా పోతోందని అర్థమైంది. దాంతో బిల్లు కోసం చూడడం మానేశారు. వచ్చిన సరుకు ఆర్డరుతో సరిపోతే దింపుకునే చోటే కంప్యూటర్లో నమోదు, ఆపైన సమయానికి చెక్కు కంప్యూటరే పంపుతుంది. నాలుగింట మూడొంతుల మంది అవసరం తగ్గింది.

మన గట్టు మీదా అదే చేయొచ్చు. రైతు చూస్తుండగా కాటా అంకె ఫోన్లోకి ఒక్కసారే ఎక్కాలి, లారీ కదలకముందే కౌంటు, కిలోలు, రేటు ఆయనకు మెసేజ్‌గా అందాలి. చెరువుల దగ్గర సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి నెట్ లేకపోయినా దాచుకునే యాప్ కావాలి. అంతకంటే ముందు తేల్చుకోవలసింది తరుగు. నీళ్లకని ఎంత తీస్తారో నోటిమాటగా ఉన్నంతకాలం ఏ యాప్ లెక్కా రైతుకు నమ్మకం కలిగించదు. దాన్ని ముందే రాసుకోండి.

చీమకుర్తి గ్రానైట్ క్వారీ వాళ్లయితే రాతి బ్లాకు కొలతలతో, రైసుమిల్లు వాళ్లయితే ధాన్యం తేమ శాతంతో మొదలుపెట్టండి.

ఇక మీ పని. ఈ వారం ఒక్క చీటీని పుట్టిన చోటి నుంచి డబ్బు చేతికందేదాకా వెంబడించండి. ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఎవరి టేబుల్ మీద ఎన్ని గంటలు ఆగింది? ఆగిన గంటలను ఎర్ర ఇంకుతో రాయండి. ఆ కాగితం దగ్గర పెట్టుకుని 4వ పాఠం తెరవండి, కాగితం మీది ఏ మెట్టు కొట్టేయాలో చూద్దాం.